కడిగిన లైటు

నాటకాల వాళ్ళంతా అతన్ని లైట్లాయన అనేవాళ్ళు. అతని నెత్తి నెరుస్తున్నా, నాయిక వేషం కట్టే ఆవిడ ఒక్కతే లైట్లబ్బాయ్ అనేది. ఆ పిలుపు విని ఎనిమిదేళ్ళయింది. ఆవిడ నటన మానేసి దూరం వెళ్ళిపోయింది. ఇతను మనసులో మాట మనసులోనే పెట్టుకుని, వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాడు. ఇప్పుడు ఒక్క ఆట కోసం వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

ఆవిడ చివరి ఘట్టానికని పసుపు లైటొకటి ఉండేది. దాన్ని స్టేజీ మీది ఇనప స్తంభానికి బిగించేవాడు. ఆవిడ ఆ స్తంభం పట్టుకుని, వెలుగులోకి మొహమెత్తి ఆఖరి మాట చెప్పేది. అటక మీద పడున్న ఆ లైటును ముందురోజు దించి, సబ్బునీళ్ళతో తళతళలాడేలా కడిగాడు. ముప్పయ్యేళ్ళ పనిమంతుడు లైటును గిన్నె తోమినట్టు తోముతాడా? ప్రేమ మరి, ఏం చేస్తాం!

ఆట రోజు మధ్యాహ్నం హాల్లో దాన్ని ప్లగ్గులో పెట్టగానే టక్కుమని కరెంటు పోయింది. ఆ హాల్లోవి కొత్తరకం ప్లగ్గులు. కరెంటు పిసరంత పక్కదారి పట్టినా, మనిషికి షాక్ కొట్టేలోపే కట్టయిపోతాయి. మీట మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టక్. మిగతా లైట్లన్నీ వేరే ప్లగ్గులకు మార్చి, ఆ ప్లగ్గు దీనొక్కదానికే వదిలాడు. అయినా టక్. లోపల తడి ఆరలేదు.

హాలు మేనేజరు జాలిపడి, వెనకగదిలో పాతకాలపు ప్లగ్గుంది, దానికి ఈ గోలేమీ లేదు, వైరు లాక్కోమన్నాడు. లైట్లాయన లాగాడు కూడా. తీరా ప్లగ్గు దాకా వెళ్ళి ఆగిపోయాడు. తడి లైటు, ఇనప స్తంభం, దాని మీద ఆవిడ చెయ్యి. వైరు చుట్టుకుని వెనక్కొచ్చేశాడు.

సాయంత్రం చివరి ఘట్టం మామూలు తెల్ల వెలుగులోనే సాగింది. ఆవిడ స్తంభం పట్టుకుని, పాత అలవాటు కొద్దీ వెలగని లైటు వైపే మొహమెత్తింది. క్షణం తడబడి, మాట చెప్పింది.

ఆటయ్యాక తనే వెతుక్కుంటూ వచ్చింది.

"నా లైటు వెలగలేదేం, లైట్లబ్బాయ్?"

"నిన్న కడిగాను. తడి ఆరలేదు."

"కడక్కూడదని నీకు తెలీదూ?"

"తెలుసు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"ఎనిమిదేళ్ళ కిందటే కడగాల్సింది," అని, బయట కారు హారన్ వినబడితే వెళ్ళిపోయింది.

మర్నాడు లైటును ఎండలో ఆరబెట్టి, సామాను సర్దేముందు అదే ప్లగ్గులో పెట్టాడు. కరెంటు పోలేదు. పసుపు వెలుగు స్తంభం పక్కన, ఆవిడ నిలబడిన చోట పడింది. దాన్ని ఆపడానికి అతనికి చెయ్యి రాలేదు.