కల్లంలో ఇంటర్వ్యూ

పొద్దున మంచు విడవగానే యలమందయ్య కల్లంలో పైన కప్పిన పట్టా తీసి, కింది పట్టా మీద ఎండుతున్న మిరపకాయలు తిరగేస్తాడు. కాయ మీద కాయ పడితే ఒప్పుకోడు. ఆయన భార్య గురవమ్మ ఓ పక్క కూర్చుని తాలు ఏరుతుంది. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. తేమ తగిలినా కాయ తాలవుతుంది, ఎండ ముదిరినా అవుతుంది. పర్చూరు దగ్గరి ఈ ఊళ్లో, కాయల ముందు అబద్ధం ఆడినా అవుతుంది. ఈ నేల కాయ ఎక్కడికి పోయినా దాని బుద్ధి అంతే.

అందుకే ఇక్కడ బేరాలన్నీ కల్లం బయటే. ఓట్లకొచ్చినవాళ్లని గట్టు దాటనివ్వరు. ఆ మధ్య బుల్లయ్య తన కల్లంలో పెళ్లి మాటలు పెట్టుకున్నాడు. పిల్లాడి తరఫువాళ్లు మంచినీళ్లు తాగి లేచేసరికి పట్టా మీద సగం కాయలు తెల్లబడ్డాయి. తప్పు బుల్లయ్యదే. పెళ్లి మాటలు కల్లంలో పెట్టుకుంటారా ఎవరైనా?

యలమందయ్య మనవరాలు తేజశ్రీ చేసిందీ అలాంటి పనే. గుంటూరులో ఓ కారప్పొడి కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంట్లో సిగ్నల్ అందదని కల్లంలోకొచ్చి, ఫోనులో వీడియో చూస్తూ జవాబులు వల్లెవేసింది.

"నా బలహీనత ఏంటంటే సార్, ప్రతి పనీ మరీ పర్ఫెక్టుగా చెయ్యాలనుకుంటాను."

కాళ్ల దగ్గర గంపెడు కాయలు తెల్లబడ్డాయి.

"గురవమ్మా, ఆ పిల్లని నోరు ముయ్యమను," అన్నాడు యలమందయ్య.

ఆయన మనవరాలితో నేరుగా మాట్లాడి ఏడాది దాటింది. పోయినేడు తేజశ్రీ పర్చూరులో ఓ విత్తనాల కొట్లో బిల్లులు రాసేది. ఆమె మాట మీదే ఆయన అక్కడ మిరప విత్తనం కొన్నాడు. మొక్క ఏపుగా పెరిగింది, కాయ పట్టలేదు. ఆ నష్టంతో కొడుకూ కోడలూ పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి పోయారు. ఈ ఉద్యోగం వస్తే అమ్మానాన్నల్ని ఆ వేడిలోంచి వెనక్కి తెచ్చుకోవాలని తేజశ్రీ ఆశ.

"ఎల్లుండే ఇంటర్వ్యూ నాయనమ్మా. ఇంకెక్కడ చదవను?"

"చేటలో నాలుగు కాయలు పోసి దాని ముందు పెట్టవే," అన్నాడు యలమందయ్య. "పట్టాకి దూరంగా కూర్చోమను. పాత పని ఎందుకు మానిందో అడుగు."

"పాత పని ఎందుకు మానావమ్మా?"

"జీవితంలో ఇంకా ఎదగాలని..."

చేటలో ఓ కాయ తెల్లబడింది.

"మళ్లీ అడుగు."

"జీతం చాలక..."

ఇంకో కాయ.

"మళ్లీ."

"ఎదురుగానే ఉన్నారుగా ఇద్దరూ, మధ్యలో నా గొంతెందుకు?" అని గురవమ్మ విసుక్కుంది.

తేజశ్రీ ఫోను పక్కన పెట్టింది.

"అది నకిలీ విత్తనమని పూత రాకముందే నాకు తెలిసింది నాయనమ్మా. ఓనరు ఫోనులో అంటుంటే విన్నాను. అప్పుడే చెప్పుంటే పీకేసి జొన్న వేసుకునేవాళ్లు. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. తర్వాత మీ మొహాలు చూడలేక మానేశాను."

కాయలు ఎర్రగానే ఉన్నాయి. యలమందయ్య చేట దగ్గరికి జరిగి ఒక్కో కాయా తిప్పి చూశాడు. ఒక్కటైనా తెల్లబడితే బావుండునన్నట్టు చూశాడు. తెలియక ఇప్పించిందనే ఇన్నాళ్లూ ఆయన కోపం. లేచి పొలానికి పోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు.

గుంటూరులో ప్రేమ్‌చంద్ అనే మేనేజరు ఇంటర్వ్యూ చేశాడు. ఏసీ గదిలో, బల్ల మీద పళ్లెంలో కాయలున్నాయి. చూడగానే తమవైపు కాయని తేజశ్రీ గుర్తుపట్టింది. పాత పని ఎందుకు మానావని ఆయన అడిగితే కల్లంలో చెప్పిందే చెప్పింది.

"బావుందమ్మా. నిజం చెప్పేవాళ్లే మాకు కావాలి. సోమవారం వచ్చి చేరు."

పళ్లెంలో ఓ కాయ తెల్లబడింది.

"మమ్మల్ని ఏమైనా అడుగుతావా?"

తేజశ్రీ ఆ కాయనే చూస్తూ, "కారంలో రంగు కలుపుతారా సార్?" అంది.

"ఛఛ, అలాంటివి మా దగ్గరుండవు."

పళ్లెం పళ్లెమంతా పాలిపోయింది. ఒక్కటి మిగిలింది.

"ఎండకి అలా అవుతుంటాయిలే," అన్నాడాయన. అదీ పోయింది.

బట్టీ దగ్గర అమ్మ దగ్గు గుర్తొచ్చింది తేజశ్రీకి. అయినా లేచి, "నేను చేరను సార్," అంది.

పొద్దు వాలేసరికి ఊళ్లో బస్సు దిగింది. కల్లంలో యలమందయ్య కాయలు పోగు చేస్తున్నాడు.

"ఏమైందో అడుగు," అన్నాడు భార్యతో.

"నేను వాళ్లకి నచ్చలేదు నాయనమ్మా."

యలమందయ్య చేతిలో కాయ తెల్లబడింది. దాన్ని తాలు కుప్పలో వేసి ఇంకో కాయ తీసుకున్నాడు.

"మళ్లీ అడగనా?" అంది గురవమ్మ.

"అడగక్కర్లేదు," అంది తేజశ్రీ. "రంగు కలుపుతున్నారు. ఇస్తామన్నా నేనే వద్దన్నాను."

కాయ ఎర్రగానే ఉంది. ఆయన దాన్ని కిందపెట్టకుండా చాలాసేపు పట్టుకున్నాడు. క్షమించాడని కాదు. ఆయన దేన్నీ అంత తేలిగ్గా వదలడు.

ఫోను మోగింది. పిడుగురాళ్ల నుంచి నాన్న. తేజశ్రీ కాయలకి దూరంగా గబగబా గట్టు వైపు నడిచింది.

"ఎక్కడికే?" అన్నాడు యలమందయ్య.

తేజశ్రీ ఆగిపోయింది. గురవమ్మ చెయ్యి తాలు కుప్ప మీదే నిలిచిపోయింది.

"నిన్నే అడుగుతున్నాను. మీ నాన్నకి చెప్పేదేదో ఇక్కడ నిలబడి చెప్పు."

అని, పట్టా మీద కాయల్ని చేత్తో అటు నెట్టి, ఆమె నిలబడేంత చోటు చేశాడు.