వాగు దాటేదాకా

ఆవుల మంద కోసం జరుగుతున్న కొట్లాటలో డొన్‌గల్ ఈటె విరిగిపోయింది. డాలు అప్పటికే రెండు చెక్కలైంది. బురదలో మోకాళ్ళ మీద పడ్డ వాడి మెడ మీదికి గొడ్డలి లేస్తుంటే, శత్రువుల్లోంచే ఒకడు పరిగెత్తుకొచ్చి తన ఎర్ర దుప్పటి విసిరి వాణ్ణి కప్పేశాడు. బ్రెసల్!

"వీడికి నా అభయం! సరిహద్దు వాగు దాటేదాకా ఎవడు చెయ్యేసినా ముందు నన్ను నరకాలి!"

గొడ్డలి ఆగిపోయింది. ఒకసారి ఇచ్చిన అభయాన్ని ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు.

తెగలు వేరైనా, రాజుల పిల్లల్ని పరాయి ఇంట పెంచే ఆచారం కొద్దీ ఇద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకే పెంపుడు తల్లి ఇంట్లో, ఒకే కంబళి కింద పెరిగారు. పెద్ద రాజు కొడుకని డొన్‌గల్ గంజిలో తేనె పోసేది. చిన్న రాజు కొడుకు బ్రెసల్‌కి ఉప్పు వెన్నే. ఆవిడ అటు తిరగ్గానే గిన్నెలు మారిపోయేవి.

"బతికించావురా వెన్నముద్దా," అన్నాడు డొన్‌గల్ నెత్తురు ఉమ్మేస్తూ.

"నోర్మూసుకుని లే, తేనెమూతీ."

అంతలో బ్రెసల్ తండ్రి ఫొరన్నాన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వెనక డాలు మీద శవం. గొంతులో దిగిన విరిగిన ఈటె. బ్రెసల్ వంగి ఆ మొహం చూశాడు. అన్న మైనె!

"దుప్పటి ఎవడికి కప్పావో తెలుసా? మిగతా ముక్క వాడి చేతిలోనే ఉంది, చూడు!"

డొన్‌గల్ తలెత్తలేదు. "నా మీదికొచ్చాడ్రా. ఏం చెయ్యను?"

"నాన్నా, మాట ఇచ్చేశాను," అన్నాడు బ్రెసల్.

"ఆ మాటతో మీ అన్న లేచొస్తాడా?"

బ్రెసల్ డొన్‌గల్‌ని ముందు నడిపిస్తూ వాగు వైపు బయల్దేరాడు. తెగంతా రాళ్ళు రువ్వుతూ, తిడుతూ వెంటపడింది. గట్టు దగ్గర బాబాయి కొడుకు తూథల్ కత్తి దూసి అడ్డొచ్చాడు.

"తప్పుకో అన్నా! మైనె అన్న నన్ను భుజాలమీద మోశాడు!"

"నన్నూ మోశాడ్రా. వెనక్కెళ్ళు."

తూథల్ వెళ్ళలేదు. మీదికి దూకాడు. బ్రెసల్ కత్తి వాడి ముంజేతిని తెగ్గొట్టింది. వేళ్ళు ఇంకా పిడిని పట్టుకునే ఉన్నాయి, చెయ్యి మాత్రం గడ్డిలో పడి ఉంది. వాడి కేకకి జనం ఒక్క అడుగు వెనక్కేశారు. బ్రెసల్ ఆ కత్తిని తీసుకుని నీళ్ళలో దిగాడు.

అవతలి ఒడ్డున కాలు పెట్టగానే డొన్‌గల్ ఊపిరి పీల్చుకున్నాడు.

"అయిపోయింది కదరా!"

"అయిపోయింది. నా అభయం ఇక్కడితో సరి." తూథల్ కత్తి వాడి కాళ్ళ దగ్గర విసిరాడు. "తీసుకో."

డొన్‌గల్ ఆ కత్తి వంక, బ్రెసల్ వంక చూశాడు. "పారిపోతే?"

"వీపులో పొడుస్తాను. ఆ పని నాతో చేయించకురా."

డొన్‌గల్ కత్తి అందుకుని దూకేసరికి ఇద్దరూ మళ్ళీ వాగులోకి జారారు. మోకాలి లోతు నీళ్ళలో ఇనుము ఇనుముని కొరికింది. డొన్‌గల్ వేటుకి బ్రెసల్ చెవి తెగి వేలాడింది. బ్రెసల్ కత్తి పక్కటెముకల కింద దూరి వెన్ను దగ్గర తేలింది. డొన్‌గల్ వాడి భుజం మీదే ఒరిగిపోయాడు, చిన్నప్పుడు నిద్రలో ఒరిగినట్టే.

"తల కోసుకురా!" తమ వైపు గట్టు మీంచి ఫొరన్నాన్ అరిచాడు. "ఇంటి గుమ్మానికి కట్టాలి!"

బ్రెసల్ శవాన్ని ఒడ్డుకి లాగాడు. వాడి ఒంటి మీది తడిసిన ఎర్ర దుప్పటి విప్పి మళ్ళీ తల దగ్గర్నుంచి కప్పాడు. తర్వాత కత్తి పట్టుకుని తన వాళ్ళ వైపు తిరిగాడు.

తండ్రే ముందుగా నీళ్ళలో దిగాడు.