పాషా కూస్తే కరెంటొచ్చినట్టు

ఆ కొండమీది ఊళ్లో సర్కారు కరెంటు కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, ఎంతసేపుంటుందో అడగకూడదు, ఉన్నంతసేపూ ఇంటిల్లిపాదీ దాని చుట్టూ పరుగులు పెట్టాలి. మిగతా సమయమంతా, ఊళ్లో నాయెఫ్ అనేవాడు నడిపే జనరేటరు లైనే గతి. దానిమీద దీపాలు వెలుగుతాయి, టీవీ మాట్లాడుతుంది. నీళ్ల మోటారు వేసినా, బట్టల మిషను తిప్పినా వీధి మొత్తం చీకటే. కాబట్టి సర్కారు కరెంటు వచ్చిన సంగతి వచ్చిన క్షణంలోనే తెలియాలి. మీటరు మీద ఎర్ర దీపం ఉంటుంది, కాదనను. కాని ఫిబ్రవరిలో, నడుముల్లోతు మంచులో ఇల్లు చుట్టివెళ్లి ఆ దీపం చూసొచ్చే మొనగాడెవడు?

ఆ పని విదాద్ కోడిపుంజు నెత్తినేసుకుంది.

అది కావాలని వేసుకున్నది కాదు. విదాద్‌కి కోళ్లంటే ప్రాణం. ఇంటికింద రాతి కమానుల గదిలో, ఒకప్పుడు మామగారి మేకలు ఉన్నచోట, ఆమె పెట్టలు, వాటి పుంజు పాషా కాపురముంటారు. చలికాలం వస్తే వాటి సేవే సేవ. తెల్లారగానే గడ్డకట్టిన నీళ్లతొట్టి పగలగొట్టి వేడినీళ్లు పోయాలి. తవుడు గోరువెచ్చగా కలిపి పెట్టాలి. పురుగు పట్టకుండా పొర్లడానికి పొయ్యిబూడిద పోయాలి. చలికి కమిలిపోకుండా పాషా నెత్తిమీది ఎర్ర తురాయికి ఆలివ్ నూనెలో మైనం కరిగించి చేసిన లేపనం రాయాలి. కాస్త ఎండ వచ్చిందని తలుపు తీస్తే, ముందు బయటికొచ్చిన పెట్ట మంచులో ఒక కాలు పెట్టి, రెండోది గాల్లోనే ఉంచి, ఆ మంచంతా విదాదే కురిపించినట్టు ఆమె మొహంలోకి చూసేది. వెనకున్నవన్నీ ఆ ఒక్క చూపుతో లోపలికి తిరిగిపోయేవి.

ఇంత చేసినా చలికాలం గుడ్డు పెట్టవు. పగలు పొట్టిదైపోతే పెట్టవు, అంతే. పగలు పొడుగైందని వాటిని నమ్మించడానికి ఆమె వాటి దగ్గర ఒక బల్బు వేలాడదీసి, సర్కారు లైనుకే తగిలించింది. పెట్టల సంగతెలా ఉన్నా, బల్బు వెలిగిన ప్రతిసారీ పాషా తెల్లారిందనుకుని కొండలు మారుమోగేలా కూయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కరెంటొస్తే మధ్యాహ్నం కూశాడు. అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రి కూశాడు. మొదటివారం ఊరు తిట్టింది. రెండోవారం అర్థం చేసుకుంది. ఆ తర్వాత పాషా గొంతు వినపడగానే ఇంటింటా బట్టల మిషన్లు తిరగడం, నీళ్ల మోటార్లు మోగడం మామూలైపోయింది. ఆఖరికి జనరేటరు నాయెఫ్ కూడా పాషా కూస్తేగాని దుప్పట్లోంచి లేచి జనరేటరు ఆపేవాడు కాదు.

ఈ ఏర్పాటు ఊరందరికీ నచ్చింది, ఒక్క మిల్హెమ్‌కి తప్ప. మిల్హెమ్ విదాద్ మొగుడు. ఆయన మంచం సరిగ్గా పాషా నెత్తిమీద ఉంటుంది.

నిద్రలేని మనిషికి నోరు అదుపులో ఉండదు. ఒక గురువారం ఫారిస్ కొట్లో పదిమంది మగాళ్ల మధ్య ఆయన తన మీసం పట్టుకున్నాడు. ఆ మీసం ఆషామాషీది కాదు. పెళ్లినాటికే రెండు చెంపలమీదికీ పాకింది. ఆనాటినుంచీ దాన్ని కత్తెర తాకిందేగాని కత్తి తాకలేదు.

"నలభైరోజుల ఉపవాసాలు మొదలై మాంసం మానేయాల్సొచ్చేలోగా, ఈ ఆదివారానికి, ఆ పుంజు నా చేత్తో కోసి ఇగురు పెట్టించకపోతే, ఈ మీసం గొరిగేసుకుంటా!" అన్నాడు.

ఆ మాట మంచులో కూడా మిల్హెమ్ కంటే ముందు ఇల్లు చేరింది. విదాద్ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నీ మీసం మీద ఒట్టేసుకోవాలంటే తిండి మానేస్తానని వేసుకోవచ్చుగా? నా కోడి జోలికెందుకయ్యా?"

"అనేశానే. నలుగురిలో అనేశాను. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు."

"ఊరికి దిక్కు అది!"

"ఊరికి దిక్కైతే ఊళ్లో పడుకోమను. నా మంచంకింద ఎందుకు?"

విదాద్ కిందికెళ్లి గడ్డిమీద కూలబడి ఏడ్చింది. పాషా వచ్చి ఆమె కొంగు పొడిచి, గింజలేమీ రాలక వెళ్లిపోయాడు. గుప్పెడు పిల్లగా ఉన్నప్పుడు వీణ్ని చెప్పుల పెట్టెలో పెట్టి పొయ్యిపక్కన పెంచింది ఆమె. కళ్లు తుడుచుకుంటుంటే ఒక ఉపాయం తోచింది. మొగుడికి కావలసింది పాషా ప్రాణం కాదు, తన నిద్ర. రెండు రాత్రులు కంటినిండా నిద్రపోతే కోపం దానంతటదే దిగుతుంది. చెయ్యి చాపి బల్బును కొంచెం వదులు చేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఉపాయం పారింది. పాషా నోరు మెదపలేదు. మిల్హెమ్ గుర్రుపెట్టి నిద్రపోయి, పొద్దున్నే కాఫీ తాగుతూ మీసం దువ్వుకున్నాడు.

"చూశావా? ఒట్టు సంగతి వాడికీ తెలిసింది. భయం పట్టుకుంది వెధవకి."

"మరింకేం, బుద్ధొచ్చింది కదా, వదిలెయ్యి."

"వదిలేద్దామనే ఉందే," అన్నాడు మిల్హెమ్, నిజంగానే జాలిపడుతూ. "కాని మీసం వదలదుగా."

ఇక్కడొక సంగతి విదాద్ లెక్కలోకి రాలేదు. ఊరు ఊరంతా పాషా గొంతుకోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. పాషా కూయలేదు కాబట్టి కరెంటు రాలేదు. శుక్రవారం గడిచింది, శనివారం పొద్దెక్కింది. డాబామీది ట్యాంకులు ఖాళీ. బట్టలు గుట్టలు. గంపెడు మంచు పొయ్యిమీద కరిగిస్తే చెంబెడు నీళ్లొస్తున్నాయి, అవి కాఫీకే చాలవు. పక్కింటి నజీరా మెట్లమీద నిలబడి సర్కారును, సర్కారును కన్నవాళ్లను, వాళ్లకి పురుడు పోసిన మంత్రసానిని కలిపి తిడుతోంది. నాయెఫ్ జనరేటరు ఆపకుండా తిప్పి తిప్పి ఉన్న డీజిలు అడుగంటించి, తలపట్టుకున్నాడు.

నిజం మాత్రం విదాద్‌కి తెలుసు. గడ్డికోసం ఇల్లు చుట్టివెళ్లినప్పుడు మీటరు మీద ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతూ కనిపించింది. కరెంటు వచ్చింది, ఎవరూ పలకరించకపోతే చిన్నబుచ్చుకుని పోయింది, మళ్లీ వచ్చింది. చెబుదామంటే, "పాషా కూయలేదేం?" అంటారు. కిందికెళ్లి బల్బు పట్టుకుంటారు. ఇంతమంది మురికి బట్టల ఉసురు తన్నే చుట్టుకుంటుంది. పోనీ బల్బు బిగిద్దామంటే పాషా కూస్తాడు, మొగుడి కోపం మళ్లీ రాజుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తన ఇంట్లో మోటారు కూడా వేసుకోలేదు, చప్పుడు బయటికి వినిపిస్తుందని.

"విదాదూ!" నజీరా గోడమీంచి అరిచింది. "నీ పుంజుకి గొంతేమైనా పట్టేసిందేమో చూడవే! కాస్త తేనె నాకించు!"

"బానే ఉన్నాడక్కా!"

"బానే ఉంటే కూయమను మరి! రేపు చర్చికి ఏం కట్టుకుపోవాలి? నా మొగుడి పక్కన కూర్చుంటే మేకల పాకలో ఉన్నట్టుంది!"

శనివారం మధ్యాహ్నం మిల్హెమ్ కత్తి నూరాడు. నూరినంతసేపూ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. విదాద్ వంటింట్లో అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లలో నీళ్లకి అదొక వంక.

"వెళ్తున్నానే," అన్నాడు.

"వెళ్లు."

"ఏమీ అనవా?"

"అనడానికేముంది? నీ మీసం, నీ ఇష్టం. నేను మాత్రం ఆ ఇగురు ముట్టను. బతికినన్నాళ్లూ ముట్టను."

మిల్హెమ్ మెట్లు దిగి కమానుల గది తలుపు తోశాడు. లోపల చిమ్మచీకటి. పెట్టలు గుసగుసలాడుతున్నాయి. తడుముకుంటూ వెళ్లి రెండుసార్లు పెట్టను పట్టుకుని వదిలేశాడు. మూడోసారి పాషాయే దొరికాడు. ఎడమచంకలో ఇరికించుకున్నాడు. వెచ్చగా ఉన్నాడు పుంజు, గుండె టకటకా కొట్టుకుంటోంది. చీకట్లో కొయ్యడం ఎలా? తల పైకెత్తితే నుదురు బల్బుకి తగిలింది. అది గూట్లో కదిలింది. 'వదులుగా ఉందే,' అనుకుని ఇంటి యజమానికి ఉండే అలవాటు కొద్దీ, కత్తి పళ్లకింద పెట్టుకుని, బల్బు బిగించాడు.

గది పట్టపగలైంది.

పాషా మెడ చాచాడు. రెండ్రోజుల బాకీ ఒక్కసారిగా తీర్చేశాడు. ఆ కూత మిల్హెమ్ చెవిలోంచి దూసుకెళ్లి, కొండ దాటి, ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇళ్ల తలుపులు దడదడలాడాయి, మోటార్లు మోగాయి, మిషన్లు గిర్రున తిరిగాయి. నాయెఫ్ జనరేటరు దగ్గి ఆగింది.

"పాషా! నీ నోట్లో తేనె పొయ్యా!" నజీరా గొంతు. "విదాదూ, నీ కడుపు చల్లగుండ! మిల్హెమన్నా, నువ్వు వెయ్యేళ్లు బతకాలయ్యా!"

పళ్లమధ్య కత్తితో, చంకలో పుంజుతో మిల్హెమ్ ఆ బల్బుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆయన అంత తెలివితక్కువవాడేం కాదు. బల్బు దానంతటది వదులు కాదు. రెండు రాత్రులు తనకి నిద్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది. చేతులు కొంకర్లు పోయేలా మంచు కరిగిస్తూ, ఊరి తిట్లన్నీ చెవినేసుకుంటూ పెళ్లాం ఎందుకు నోరు మూసుకుందో అదీ అర్థమైంది. పాషాను కిందికి దింపాడు. పైకెళ్లి కత్తి దాని చోట పెట్టి, మోటారు వేసి, హీటరు వేసి, స్నానాల గదిలో దూరాడు. విదాద్ అదేదీ చూడలేదు. వెనకవైపు తిరిగి ఏడుస్తూ ఉంది, కూత విన్నదగ్గర్నుంచీ అది ఆఖరి కూతేనని, కిందికెళ్లి చూసే ధైర్యం లేక. రాత్రి కూడా ఆయన మొహం చూడకుండానే అటు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఎవరో అపరిచితుడు నిలబడి బూట్లు తొడుక్కుంటున్నాడు. అరవబోయింది. ముక్కు చూసి గుర్తుపట్టింది. ముక్కుకీ నోటికీ మధ్య ఇన్నేళ్లుగా ఎండ ఎరగని చర్మం, ఒలిచిన గుడ్డులా తెల్లగా ఉంది.

"అయ్యో, మిల్హెమూ! మీసమేదయ్యా?"

"ఒట్టంటే ఒట్టే," అన్నాడు, నోరు సగం కప్పుకుని. "పుంజుని కోయలేదు. మరేం చెయ్యను? వేడినీళ్లతో గీసుకున్నా కాబట్టి నొప్పి తెలియలేదు. పాషా పుణ్యం."

"ఫారిస్ కొట్లో నవ్వుతారు."

"నవ్వనీ. ఉతికిన బట్టలు కట్టుకుని నవ్వుతారు." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఆ బల్బు సంగతి నజీరాకి చెప్పనులే. గాలికి వదులైందనుకుంటా."

"తలుపులేసిన గదిలో గాలా?"

"నోర్మూసుకుని రావే, గంట కొట్టేస్తున్నారు."

బయట మంచు మీంచి వచ్చే గాలి కోస్తోంది. గుమ్మం దాటగానే ఆయన పై పెదవి వణికిపోవడం విదాద్ చూసింది. ఆగమని చెప్పి, మెట్లకింద గూట్లోంచి రేకుడబ్బా తీసింది. పాషా తురాయికి రాసే లేపనం వేలికి తీసుకుని, పక్కింటి నజీరా చూస్తుండగానే, మొగుడి మీసంలేని పెదవికి ఈ చెంపనుంచి ఆ చెంపదాకా మెత్తగా రాసింది. మిల్హెమ్ కదలకుండా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు, పాషా నిలబడే తీరులోనే.