దేవుడు కూర్చున్న కుర్చీ

తైవాన్‌లోని తైనాన్ నగరంలో యాచిన్‌కు తొలి కాన్పు దగ్గరపడింది. నొప్పులు తలుచుకుంటే చాలు, ఆమెకు ఊపిరి గొంతులోనే ఆగిపోతుంది. అందుకే ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని కాన్పు క్లాసులు వింటోంది.

"కుర్చీని గోడవైపు జరిపి, దాన్ని పట్టుకుని వంగి, నోటితో ఊపిరి వదలండి," అంది టీచరు.

యాచిన్ చెయ్యి వేసిందో లేదో, తోడుగా వచ్చిన తల్లి గబుక్కున ఆ కుర్చీలో కూర్చుంది. "కదిపావంటే ఊరుకోను. కడుపులో బిడ్డను కాచే దేవుడు రోజుకో సామానులో ఉంటాడు, ఇవాళ ఎందులో ఉన్నాడో ఏమో. ఆయన్ని కదిపితే బిడ్డకేమైనా అయితే?"

"నువ్వు ఆయన మీదే కూర్చున్నావేమోనమ్మా."

తల్లి మొహం పాలిపోయింది. కూర్చుంటే దేవుడికి బరువు, లేస్తే కుర్చీ కదులుతుంది. సగం లేచి అలాగే ఆగిపోయింది. మోకాళ్లు వణికాయి, నోటితో బుస్సుబుస్సుమని ఊపిరి వదలసాగింది.

"వెనకున్న పెద్దావిడను చూడండి," టీచరు మురిసిపోయింది. "సరిగ్గా అలాగే."

"నన్ను పట్టుకోవే, పడిపోతాను," అంది తల్లి.

యాచిన్ ఆమె చేతులు పట్టుకుని తనూ వంగింది. "ఊపిరి వదులమ్మా, మెల్లగా వదులు," అంటూ తనూ వదిలింది. ఈసారి ఊపిరి ఎక్కడా ఆగలేదు. భయపడదామన్నా తీరిక లేదు, తల్లి బరువంతా ఆమె చేతుల మీదే ఉంది.