మెట్ల మలుపులో ఆరని బట్టలు

నేను ఒక తువ్వాలుని. పచ్చ గళ్ళు, ఎర్ర అంచు. కుదురుగా కూర్చుని కథ చెప్పడం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు నన్ను దులపడమో పిండడమో భుజాన పడెయ్యడమో తప్ప, ఒక్క పూట మడతపెట్టి బీరువాలో ఉంచిన పాపాన పోలేదు. నా మాటా అలాగే అటూ ఇటూ కొట్టుకుంటుంది. మీరే సర్దుకోండి.

నన్ను నేసినాయన మహా విసుగు మనిషి. పోగు తెగితే మగ్గాన్ని తిట్టేవాడు, కానీ ముడి మాత్రం కంటికి కనబడకుండా వేసేవాడు. అక్కణ్ణుంచి కాకినాడలో ఒక బోటు ఓనరు నన్ను కొని, వేట మొదలైన రోజున తన మనుషులకి తలా ఒక తువ్వాలు పంచాడు. నేను ధనరాజు చేతికొచ్చాను. ఆ బోటు మీద నేను చెయ్యని ఉద్యోగం లేదు. తలపాగా నేనే, నడికట్టు నేనే, చెమట తుడిచేదీ ఒళ్ళు తుడిచేదీ నేనే. పైన ఎండ, కింద ఇంజను వేడి, ఒంటి మీద ఎప్పుడూ తడి లుంగీ. పది రోజులు తిరక్కుండానే ధనరాజుకి గజ్జల్లో ఎర్రగా, గుండ్రంగా తామర లేచింది. తోటివాళ్ళు నవ్వుతారని నోరు మెదపలేదు. చాటుకి పోయి నాతో బరబరా రుద్దుకునేవాడు. తుఫానులో కూడా వల వదలని మనిషి, నలుగురు నవ్వుతారంటే గజగజలాడాడు. ఏం మగాళ్ళో!

అలాగే ఇంటికొచ్చి నన్ను దండెం మీద పడేశాడు. ఇంట్లో ముగ్గురు: ధనరాజు, అతని భార్య నూకరత్నం, తల్లి అచ్చియ్యమ్మ. ముగ్గురికీ తువ్వాలు ఒక్కటే, అది నేనే. వారం తిరిగేసరికి ధనరాజు మళ్ళీ వేటకి పోయాడు. దురద మాత్రం రత్నానికి అంటుకుంది. మోసుకొచ్చింది ఎవరో వేరే చెప్పాలా? నాకే సిగ్గుగా ఉంది.

రత్నం రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో నిలబడి రొయ్యల తలలు తీసే పని. అంతకుముందే కాలేజీ గ్రౌండులో పరిగెత్తి, ఆ చెమట బట్టలతోనే షెడ్డుకి పోయేది. ఎందుకంటే కానిస్టేబులు ఉద్యోగం మొదటి పరీక్ష పాసయింది. ఇక పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. ఈసారి పోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ జన్మంతా రొయ్యలే.

అచ్చియ్యమ్మకి ఒక రూలుంది. ఆడవాళ్ళ లోపలి బట్టలు పరాయి కంట పడకూడదు. మెట్ల మలుపులో చీకటి మూల ఒక తాడు కట్టింది. దాని మీద ఆ బట్టలు, వాటి మీద నేను. ఎండా లేదు, గాలీ లేదు. అసలే డబ్బాలో అప్పడం కూడా మెత్తబడే ఊరు. నా కింద అవి రెండు రోజులైనా చెమ్మగానే ఉండేవి. ఆ చెమ్మనే తొడుక్కుని రత్నం పరుగుకి పోయేది.

దురద తట్టుకోలేక మందుల షాపుకెళ్ళింది. షాపతనికి ఎక్కడో చెప్పలేక నేల చూపులు చూసింది. అతను ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. మూడు రోజుల్లో హాయనిపించింది. నాలుగో వారానికి ఎరుపు తొడల దాకా పాకి, తొక్క పల్చబడి, ఒకటే మంట. పది నిమిషాల్లో పరిగెత్తే పిల్లకి పదమూడు నిమిషాలు పట్టసాగింది. ఒకరోజు రెండో రౌండులోనే కూలబడి నన్ను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ కోడలి నడక చూసింది.

"ఏంటే, కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నావు? నెల తప్పావా?"

"అబ్బా, అదేం కాదత్తా."

"సిగ్గుపడకే. నాకు తెలీదా ఏంటి!"

మర్నాడే నన్ను భుజాన వేసుకుని, కోడల్ని లాక్కుని, నవ్వుకుంటూ పెద్దాసుపత్రికి బయల్దేరింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

డాక్టరమ్మ తెర చాటున చూసి బయటికొచ్చింది. "కడుపూ లేదు, ఏమీ లేదు. తామర. ఏ మందు రాశావమ్మా?" రత్నం ట్యూబు చూపించింది. "ఇదే కొంప ముంచింది. ఇందులో స్టెరాయిడు ఉంది. పైకి ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల ఫంగసు హాయిగా పెరుగుతుంది. పారెయ్. నేనిచ్చేది మచ్చ చుట్టూ రెండు వేళ్ళ మేర ఎక్కువగా రాయి. తగ్గినట్టు కనబడ్డా రెండు వారాలు మానకు. మాత్రలు కూడా వేసుకో. చెమట పట్టగానే బట్ట మార్చుకో, వదులుగా నూలు బట్ట వేసుకో. బట్టలెక్కడ ఆరేస్తారు?"

"ఎవరికీ కనబడకుండా, ఈ తువ్వాలు కిందేనండి," అంది అచ్చియ్యమ్మ గర్వంగా.

డాక్టరమ్మ నా వైపు చూసిన చూపుకి నేను భుజం మీంచి జారిపోబోయాను. "వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. ఎవరి తువ్వాలు వాళ్ళకే. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళకీ మందు పడాలి, లేకపోతే ఈ అమ్మాయికి మళ్ళీ వస్తుంది. ఇంకెవరికైనా ఉందా?"

"మా ఆయనకుందండి," అంది రత్నం.

అచ్చియ్యమ్మ నన్ను గట్టిగా పిసుక్కుంది.

అయ్యో, నాకు తెలుసండీ! ఆవిడ ఒళ్ళు తుడిచేదీ నేనే కదా! ధనరాజుకి రాకముందే, నేను ఆ ఇంట్లో అడుగు పెట్టకముందే ఆవిడకుంది. చెబుదామంటే తువ్వాలుకి నోరెక్కడిది? దండెం మీద గిలగిలా కొట్టుకోవడమే నా పని.

రత్నానికి కొత్త తువ్వాలు కొన్నారు. ఎండలో ఆరేద్దామంటే మాత్రం అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. "ఎదురు మేడ మీద మగాళ్ళుంటారు, పరువు పోద్ది," అని అత్తవీ కోడలివీ ఒకే బక్కెట్లో ఉతికి మళ్ళీ నా కిందే దాచింది. రత్నానికి రెండు వారాల్లో చర్మం తేటపడింది, పరుగు పదకొండు నిమిషాలకొచ్చింది. మూడో వారం చివర్లో పొద్దున్నే లేచి చూసుకుంటే మళ్ళీ ఎర్రటి చక్రాలు. మందు ఒక్క పూట మానలేదు పాపం.

"నెల రోజులే ఉందత్తా. ఇంక నా వల్ల కాదు. షెడ్డుకే పోతాను, వదిలేద్దాం," అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

అచ్చియ్యమ్మ చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. గిన్నెలు సర్దింది, సర్దినవి మళ్ళీ తీసింది. చివరికి కోడలి పక్కన చతికిలబడింది.

"నా వల్లేనే. నాకూ ఉంది. ఇరవై ఏళ్ళ బట్టీ ఉంది. మీ మావయ్యకి కూడా చెప్పలేదు. ఎవరికి చెప్పుకోనే, ఏమని చెప్పుకోను?"

రత్నం నోరెళ్ళబెట్టింది. "ఇరవై ఏళ్ళా! ఎలా భరించావత్తా?"

"అలవాటైపోయింది," అని ముసలావిడ బావురుమంది.

రత్నానికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. రత్నం అత్తని దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది. ఆ పూటే ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ధనరాజుకి కూడా మందు రాయించారు. తిరిగొచ్చాక అచ్చియ్యమ్మ బట్టలన్నీ మరగబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని నేరుగా మేడెక్కింది. నడి ఎండలో, వరసగా, ఒక్కటీ దాచకుండా ఆరేసింది. ఎదురు మేడ మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన తల ఎత్తాడు.

"ఏంటయ్యా చూస్తావు? మీ ఇంట్లో ఆడాళ్ళు ఇవి తొడుక్కోరా?" అని అరిచింది. ఆయన కుర్చీ తీసుకుని లోపలికి పోయాడు.

నన్ను కూడా మరగబెట్టారు. రంగంతా దిగిపోయింది. నాలుగు ముక్కలు చేసి ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి పొయ్యి దగ్గర పడేశారు. ఇప్పుడు మాట్లాడేది గుమ్మం ముక్క. అత్తాకోడళ్ళు పరుగు పరీక్షకి వెళ్ళిన రోజు నా మీద కాళ్ళు తుడుచుకునే దిక్కు కూడా లేదు. ఆ ఎదురుచూపు నా పగవాళ్ళకి కూడా వద్దు.

మధ్యాన్నం అచ్చియ్యమ్మ మెట్లు ఎక్కుతూనే ఫోన్లో కొడుకు మీద అరుస్తోంది.

"పది నిమిషాల ఇరవై రెండు సెకన్లురా! ఎనిమిది సెకన్లు మిగిల్చింది నా కోడలు! ఆఖరి రాతపరీక్ష ఇంకా ఉందిలే, ఉంటే ఉండనీ. ఆఖరి రౌండులో దానికి ఊపిరాడ్డం లేదురా, నేను కంచె ఇవతల నుంచి దానితో పాటు పరిగెత్తాను! అవున్రా, నేనే! తొడలు రాసుకోలేదు, మండలేదు, గోక్కోవాలనిపించలేదు. ఇరవై ఏళ్ళయిందిరా నేను పరిగెత్తి!"

అవతల ధనరాజు సిగ్గుతో ఏదో నసిగినట్టున్నాడు.

"నీ సిగ్గు సముద్రంలో పారెయ్. నువ్వు మందు రాస్తున్నావా లేదా, అది చెప్పు ముందు!"