కవరు మీద తేదీ

మార్చి 17, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. ఎన్నికల కార్యాలయం నుంచి మా పార్టీ ఆఫీసుకి ఒక జాబితా వచ్చింది. మా వార్డులో పోస్టు ఓట్లలో చెల్లనివి నలభై ఒకటి. అన్నిటికీ కారణం ఒకటే, కవరు మీద తేదీ తప్పు. పంతొమ్మిదో పేరు వెల్మా హుడాక్. అది నేను.

అప్పుడు నేను పోలింగ్ దగ్గర నిలబడే మగవాళ్ల కోసం సాండ్‌విచ్‌లు కాగితంలో చుడుతున్నాను. ఆఫీసు నడిపే కెండ్రా వచ్చి, "వెల్మా గారూ, మీకు ఈ ఊళ్లో అందరూ తెలుసు కదా, కొంచెం ఫోన్లు చేసిపెడతారా?" అంది. చేతులు తుడుచుకుని జాబితా తీసుకున్నాను. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా రెండుసార్లు చదివాను. ఒక్క మగవాడి పేరు లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. మా మిల్లు ఊళ్లో మగవాళ్లు పోలింగ్ రోజున ఫైర్ స్టేషన్ హాలుకి వచ్చి వరుసలో నిలబడి ఓటేస్తారు. చొక్కాకి స్టిక్కర్ అంటించుకుని సాయంత్రం దాకా తిరుగుతారు. వాళ్లకి భోజనం పెట్టాలి కాబట్టి ఆడవాళ్లు వంటింట్లో ఉండాలి. అందుకని ఆరేళ్ల కిందట నా భర్త రీజిస్ ఒక ఏర్పాటు చేశాడు. ఇరవై రెండేళ్లుగా వార్డులో పార్టీ మనిషి అతనే. ఆడవాళ్లందరికీ పోస్టు ఓటు రాయించాడు. "మీకు నడక తప్పింది" అన్నాడు. హాల్లో వంటింటికీ ఓటు గదికీ మధ్య ఒక తలుపుంది. అంతే దూరం.

పోస్టు ఓటుకి రెండు కవర్లు. లోపలి కవరు రహస్యం కోసం. ఓటు కాగితాన్ని అందులో పెట్టి మూసి, దాన్ని పై కవర్లో పెట్టి, సంతకం చేసి తేదీ వెయ్యాలి. మా ఇంట్లో రహస్యం కవరుని నాలికతో తడిపి మూసేది రీజిస్. ఓటు కాగితం మీద గడులు నింపేదీ అతనే. కవరు నా ముందుకి తోసి, వేలితో గీత చూపించి, "ఇక్కడ" అనేవాడు. నేను సంతకం చేసేదాన్ని. మొదటిసారి, ఎవరికి వేశావని అడిగాను. "మనవాళ్లకే" అన్నాడు. మా అత్తగారు బతికుండగా ఒక మాట అనేది, హుడాకుల ఇంట్లో ఓట్లు చీలవని. ఆవిడ ఓటు కూడా మామగారే చెప్పేవాడు. ఆయన పోయాక కొడుకు చెప్పాడు. ఎనభై ఒకటో ఏట ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా ఆవిడ కాగితం మీద రీజిసే గడులు నింపాడు. చిన్నప్పటి నుంచీ ఆవిడే అతనికి అన్నీ నేర్పిందని చెప్పుకునేవాడు. ఇదీ అందులోదే అనుకుంటాను.

ఈసారి వాషింగ్టన్ చట్టసభలో మా సీటు గడువు మధ్యలో ఖాళీ అయింది. ఉప ఎన్నిక. మా పార్టీ అభ్యర్థి బ్రోజెక్. మూతపడ్డ మిల్లు తెరిపిస్తానన్నాడు. మార్చి 6న, ఈస్టర్‌కి ముందు మాంసం మానేసే తపస్సు కాలపు శుక్రవారం, హాల్లో చేపల విందు జరుగుతుండగా వచ్చాడు. మేం పద్నాలుగు మందిమి నూనె ముందు నిలబడి చేపలు వేయిస్తున్నాం. వంటింట్లోకి తల పెట్టి, ఈ పార్టీకి వెన్నెముక మీరే అన్నాడు. మూసేసిన ప్రసూతి ఆసుపత్రి సంగతేంటని నేనడిగాను. నా కూతురు కాన్పుకి నలభై ఆరు మైళ్లు పోయింది, మిల్లు తెరిపిస్తానన్న మనిషికి ఇది కూడా తెలియాలి అనుకున్నాను. బ్రోజెక్ జవాబు చెప్పాడు. రెండు నిమిషాలు చెప్పాడు. చెబుతున్నంతసేపూ రీజిస్ వైపే చూశాడు. రీజిస్ తల ఊపాడు. ఆయన వెళ్లాక, "ఆయన్ని అంతమందిలో ఇరుకున పెడతావా? చేప మాడుతోంది చూసుకో" అన్నాడు.

ఆ సాయంత్రమే మగవాళ్లు తమ భార్యల కవర్లు తెచ్చి బల్ల మీద పేర్చారు. వంటింట్లోంచీ, భోజనాల బల్లల దగ్గర్నుంచీ ఒక్కొక్కళ్లనీ పిలిచి సంతకాలు పెట్టించారు. చేతులకి పిండి ఉంటే కవరు పాడవుతుందని విసుక్కున్నారు. తేదీలు మాత్రం రీజిస్ వేశాడు, అందరివీ. ఓటు రోజు మార్చి 17 కాబట్టి 17 అని వేశాడు. సంతకం చేసింది ఆరో తారీఖున. కవరు మీద 'ఈ రోజు తేదీ' అని అచ్చు వేసి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఎన్నికలు నడిపే మనిషి ఆ మూడు మాటలు చదవలేదు. పిండి చేతుల వాళ్లని చదవనివ్వలేదు.

చెల్లని ఓటు వాళ్లు పోలింగ్ ముగిసేలోగా హాలుకి వచ్చి కొత్త కాగితం మీద, కొత్త కవర్లతో మళ్లీ వెయ్యొచ్చు. కెండ్రా ఇచ్చిన కాగితంలో ఫోన్లో ఏం చెప్పాలో నాలుగు వాక్యాలున్నాయి. నాలుగోది, బ్రోజెక్‌కి మీ మద్దతు అవసరం అని. ఒంటిగంటా నలభైకి హాలు గుమ్మం దగ్గర్నుంచి రీజిస్ ఫోన్ చేశాడు. అతనికీ సంగతి తెలిసింది.

"ఆడవాళ్లకి చెయ్యకు, కంగారుపడతారు. వాళ్ల మొగుళ్లకి చెయ్. వాళ్లే పట్టుకొస్తారు."

"తేదీ వేసింది నువ్వే కదా" అన్నాను.

"ఆఫీసువాళ్లు పట్టిపట్టి చూస్తున్నారు. చిన్న విషయం."

మొగుళ్ల నెంబర్లు పంపాడు. నేను వాటిని తెరవలేదు. పెన్నుతో నాలుగో వాక్యం కొట్టేసి, మొదటి పేరు నుంచి మొదలుపెట్టాను. మీ ఓటు చెల్లదు, మీరే వచ్చి మళ్లీ వేసుకోవచ్చు, ఎనిమిదిలోగా రండి. అంతే చెప్పాను. ఒకావిడ ఏడ్చింది. ఒకావిడ తన ఓటు ఎప్పుడు వేశారని నన్నడిగింది. బెర్నడీన్‌కి ఆ కబురు నచ్చలేదు. చేపల దగ్గర ఎప్పుడూ నా పక్కన నిలబడేది ఆమే.

"స్టష్‌ని అడిగి చెప్తానే" అంది. స్టష్ ఆమె భర్త.

"ఏమని అడుగుతావ్?"

"రావచ్చా అని."

"నీ కవరు రీజిస్‌కి ఇచ్చింది ఎవరు?"

పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

"స్టషే" అంది. "కారు తాళాలు కూడా అతని దగ్గరే ఉన్నాయి."

"నేనొస్తాను. గుమ్మంలో నిలబడు."

నాలుగు గంటల నుంచి ఆరున్నర దాకా నా కారు ఊరంతా పదకొండు సార్లు తిరిగింది. మిగతావాళ్లు నడిచొచ్చారు. హాలు బయట రీజిస్ బ్రోజెక్ పేరున్న కార్డులు పంచుతున్నాడు. ఆప్రాన్ విప్పకుండా వచ్చినవాళ్లున్నారు. ఒక్కొక్కళ్లు దిగుతుంటే అతను లెక్కపెట్టాడు, నవ్వాడు. తన ఓట్లు తిరిగొస్తున్నాయని అనుకున్నాడు. చివరి విడతలో నేను దిగాను. నా చేతిలో కార్డు పెట్టాడు.

"తేదీ ఒక్కటి సరిచేయించుకుని వచ్చెయ్. మిగతాది నేను వేశాగా."

"ఇది కొత్త కాగితం. మొదట్నుంచీ నింపాలి."

"అయితే పక్కన నిలబడి చెప్తాను. పద."

గుమ్మం దగ్గర ఎన్నికల అధికారిణి చెయ్యి అడ్డం పెట్టి, మీరు లోపలికి రాకూడదు అంది. రీజిస్‌ని ఎవరైనా అలా ఆపడం నేను చూడటం అదే మొదలు. ఈ హాలుకి కప్పు వేయించింది తనేనని చెప్పాడు. ఆవిడ కప్పు వైపు చూసింది. చెయ్యి తియ్యలేదు.

నాకు యాభై ఎనిమిదేళ్లు. గడులు నింపడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పేర్లన్నీ చదివాను, ఎప్పుడూ చదవలేదు కాబట్టి. రహస్యం కవరు జిగురు చేదుగా ఉంది. ఆ ఒక్కటీ రీజిస్ ఎప్పుడూ చెప్పలేదు.

పోలింగ్ రోజు లెక్కకి బ్రోజెక్ పన్నెండు ఓట్లతో ముందున్నాడు. మళ్లీ వేసినవి, వివాదంలో ఉన్నవి, జిల్లాలన్నిటివీ కలిపి వారం తర్వాత లెక్కించారు. బ్రోజెక్ తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. ఆ ఓట్లలో ఏది ఎవరిదో చెప్పే మార్గం లేదు. రీజిస్ మాత్రం పలహారం బల్ల దగ్గర పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. అతని గుడ్లూ రొట్టే చల్లారాయి. వేడిచేయమని అడగలేదు, నేను చెయ్యలేదు.

"మన హాల్లోనే ముప్ఫై ఆరు" అన్నాడు. "అవన్నీ నేను వేసినట్టే ఉండుంటే గెలిచేవాళ్లం."

"నువ్వు వేసినట్టే ఉండుంటే అవి చెల్లేవే కావు."

పెన్సిల్ కింద పెట్టాడు. "నువ్వెవరికి వేశావ్?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో అడగడం రెండోసారి. మొదటిసారి అడిగింది నేను.

"నాకు ఇష్టమైనవాళ్లకి" అన్నాను. వచ్చే శుక్రవారం చేపలు ఎవరు వేయిస్తారో చూసుకోమని కూడా చెప్పాను.

మార్చి 27న ఎన్నికల కార్యాలయం ఫలితం ధ్రువీకరించింది. మా హాల్లో మళ్లీ ఓటేసినవాళ్లు ముప్ఫై ఆరుగురు, అందరూ ఆడవాళ్లే. ముప్ఫై ఆరు ఓట్లూ చెల్లాయి. ముప్ఫై ఆరు కవర్ల మీదా తేదీ ఎవరికి వాళ్లు వేసుకున్నారు. మార్చి 17.