మల్లన్న తిప్పిన మెడ

మల్లన్న సెలూన్ అద్దం పగలగొట్టింది ప్రవళికే. బెల్లంపల్లి బజారంతా చూస్తుండగా "మా బాపు మెడ ఇరిసినవ్ గదరా!" అని అరిచి, అక్కడున్న స్టూలెత్తి కొట్టింది. పుట్టిన దగ్గర్నుంచి 'కాకా' అని పిలిచిన మనిషిని 'రా' అనేసింది. ఎవరూ ఆపలేదు. గడ్డం గీయించుకోవడానికి తన కాళ్ల మీద నడిచి వెళ్లిన ఆమె తండ్రి ముత్యం, మల్లన్న అలవాటు కొద్దీ తల పట్టుకుని కటుక్కున మెడ తిప్పగానే కుర్చీలోంచి జారిపడ్డాడు. ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. ప్రాణం దక్కింది. చేతులు కాస్త కదులుతున్నాయి గానీ కాళ్లు లేవడం లేదు.

ముత్యం మాత్రం మంచంలోంచి "మల్లన్ననేం అనకుండ్రి" అంటూనే ఉన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని చుట్టాలెవరో అంటే ప్రవళిక వాళ్ల మీదా లేచింది. పోలీస్ స్టేషన్‌లో తన పేరు మీదే ఫిర్యాదు ఇచ్చింది.

ఆమె పని కూడా మెడలతోనే. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. స్కానింగుల్లోంచి తల కిందుండే రెండు ఎముకల్ని కంప్యూటర్‌లో మళ్లీ కట్టి, ఎంత బలానికి ఎంత తిరుగుతాయో, ఎక్కడ జారతాయో చూస్తుంది. మొదటి ఎముక ఉంగరంలా ఉంటుంది. రెండో ఎముక నుంచి ఒక మేకు లేచి ఆ ఉంగరంలో నిలబడుతుంది. మనిషి కాదని తల ఊపేది ఆ మేకు చుట్టూనే.

"అక్కా, కేసు గట్టిగ నిలవాలె. వాడెంత జోరుగ తిప్పిండో కంప్యూటర్ల తీసి రాసియ్యి. జైల్ల కుళ్లాలె వాడు," అన్నాడు తమ్ముడు ప్రణయ్.

ఆమెకు కావలసిందీ అదే. ఆపరేషన్‌కు ముందు తీసిన స్కానింగ్ పట్టుకుని, మల్లన్నకు ఉరితాడు పేనుతున్నంత కసిగా కంప్యూటర్ ముందు కూర్చుంది.

మేకు విరిగిందని ఆస్పత్రి వాళ్లు చెప్పారు. అప్పుడే విరిగిన ఎముక అంచు గరుకుగా, పళ్లుపళ్లుగా ఉండాలి. ఇది గోదావరి గులకరాయిలా నున్నగా ఉంది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఇది విరిగిన మేకు కాదు. చిన్ననాటి నుంచి అతక్కుండా విడిగా ఉండిపోయిన మేకు. లక్షల మందిలో కొందరికి ఇలా ఉంటుందని చదువుకుంది గానీ, బాపు మెడలో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

నమ్మబుద్ధి కాలేదు. అందరికీ ఉన్నట్టే మేకును కంప్యూటర్‌లో అతికించి, మల్లన్న తిప్పినట్టే తిప్పింది. ఉంగరం జారలేదు. బలం పెంచింది. అయినా జారలేదు. అతుకు తీసేసి బాపు మెడను ఉన్నదున్నట్టు పెట్టి చూస్తే, తిప్పడం దాకా పోనక్కర్లేకుండా పోయింది. ఇన్నేళ్లూ ఎముకల్ని పట్టి ఉంచిన కండరాలు సడలిపోయి, గడ్డం గీయించుకోవడానికి తల వెనక్కి వాల్చినప్పుడే ఉంగరం జారి వెన్నుపామును నొక్కుతోంది. ఆటో గుంతలో పడ్డా ఇదే జరిగేది.

కోపం చల్లారలేదు, రెట్టింపైంది. ఇప్పుడు దాన్ని ఎవరి మీద పడెయ్యాలో తెలియక ఒళ్లంతా మండింది. ఆ మెడతోనే బస్తాలు మోసి తమను చదివించిన బాపు మీదా? ఎముక అతకడం మరిచిన దేవుడి మీదా?

సంగతి విన్న ప్రణయ్ తొణకలేదు. "అయితేంది? అతికిచ్చిన మెడనే పెట్టు. గంత జోరుగ తిప్పితేనే ఇరిగిందని రాయి. ఎవలకెరుక?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకెరుక లేదారా! మనిషిని జైల్ల ఎయ్యనీకి బాపుకు లేని మెడ పెట్టుమంటవా?"

"బాపు మంచంల పడ్డడక్కా! ఎవడో ఒకడు అనుభవించాలె గద!"

ఇన్నాళ్లూ తన కడుపులో ఉన్న మాటే వాడి నోట్లోంచి వచ్చింది. అది ఎంత నీచంగా వినబడిందో! ఆమె ఆ పూటే స్టేషన్‌కు వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పి ఫిర్యాదు వాపసు తీసుకుంది. అక్కడి నుంచి నేరుగా మల్లన్న ఇంటికి వెళ్లింది.

"కాకా, తప్పు నీది కాదు. కంప్యూటర్ల తేలింది," అంది. అతను ఏడుస్తాడనుకుంది, గుండె బరువు దిగిందంటాడనుకుంది.

మల్లన్న లేచి నిలబడ్డాడు. "తేలిందా, మేడం? అంటె గా డబ్బ చెప్పేదాక నేను ఖూనీకోరునేనన్నట్టు. ముప్పయ్యేండ్లు మీ బాపు కండ్లు మూసుకోని గొంతు నా కత్తికి అప్పజెప్పిండు. గది సాలలేదా మీకు?"

ఆమెను 'బిడ్డా' అని తప్ప పిలిచి ఎరగడు.

మర్నాడు పొద్దున్నే మల్లన్న తన పెట్టె పట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. ఆమెను పలకరించలేదు. ముత్యానికి గడ్డం మాసిపోయి ఉంది. వేరే మంగలిని దగ్గరికి రానివ్వలేదు మరి. మెడ పట్టీ కదలకుండా, తల వాల్చకుండా మెల్లగా గీశాడు. తుడిచాడు. తుడవగానే, ముప్పయ్యేళ్ల అలవాటు, రెండు చేతులూ ముత్యం తలకు అటూ ఇటూ లేచి గాలిలోనే ఆగిపోయాయి.

ముత్యం కళ్లు మూసుకున్నాడు. "పెట్టు మల్లన్నా. తిప్పకు, ఊకెనే పెట్టు."

మల్లన్న చేతులు పెట్టాడు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

పెట్టె సర్దుకుని గుమ్మం దాటబోతూ అతను మొదటిసారి ప్రవళిక వంక తిరిగాడు. కళ్లలో కోపం ఇంకా అలాగే ఉంది.

"అద్దం తేండ్రి, మేడం. మీరే వచ్చి బిగియ్యాలె. బజారంత చూస్తుండంగ," అని చెప్పులు తొడుక్కున్నాడు.